మన శరీరం: చేతికర్ర వంపు

పిల్లలూ! కిందటి నెల మనం గుండె ఎలా కొట్టుకుంటుందో తెలుసుకున్నాం. ఈ నెల, గుండె నుంచి బయలుదేరిన రక్తం ఏ దారిన పోతుందో చూద్దాం.

"రక్తం పోయే దారిలో ఏం విశేషం ఉంటుంది?" అని మీరు అడగవచ్చు. విశేషం ఉన్నది. ఆ దారి అందరిలోనూ ఒకే తీరుగా ఉండదు. దారి కొంచెం మారినందువల్ల పూర్వం ఇంగ్లండులో ఒక స్త్రీ ఏళ్ల తరబడి అన్నం మింగలేక బాధపడింది. ఆమె ఎందుకు మింగలేకపోతున్నదో, ఆమె బతికి ఉండగా ఏ వైద్యుడికీ అంతుపట్టలేదు. ఆ సంగతి అర్థం కావాలంటే ముందు అసలు దారి ఎలాటిదో తెలియాలి.

మూడు కొమ్మలు

మీ తాతగారి చేతికర్ర ఎప్పుడైనా చూశారా? పిడి దగ్గర వంకీ తిరిగి ఉంటుంది. గుండె ఎడమ భాగం నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం కూడా అచ్చంగా అలాగే ఉంటుంది. దాన్ని బృహద్ధమని అంటారు. అది ముందు గుండె నుంచి పైకి లేస్తుంది. మెడ మొదలు దాకా వెళ్లకముందే ఎడమ పక్కగా వెనక్కు వంగుతుంది. తరవాత వెన్నెముక వెంబడి కిందికి దిగి పొట్టలోకి పోతుంది. పెద్దవాళ్లలో ఈ గొట్టం సుమారు ఒక అంగుళం వెడల్పు ఉంటుంది. మనం ఊరికే కూచున్నప్పుడు కూడా నిమిషానికి 5 లీటర్ల రక్తం గుండె నుంచి ఈ గొట్టంలోకి వస్తుంది.

ఈ వంపు మీది నుంచి మూడు కొమ్మలు పైకి పోతాయి. కుడి నుంచి ఎడమకు లెక్కపెడదాం. మొదటి కొమ్మ లావుపాటిది. అది కొంచెం దూరం పోయి రెండుగా చీలుతుంది. ఒక పాయ కుడి చేతికి పోతుంది. రెండో పాయ మెడ కుడి పక్కగా తలకు పోతుంది. వంపు మీది రెండవ కొమ్మ మెడ ఎడమ పక్కగా తలకు ఎక్కుతుంది. మూడవ కొమ్మ ఎడమ చేతికి పోతుంది. కుడి వైపున చేతికీ తలకూ కలిపి ఒకటే మొదలు, ఎడమ వైపున దేని మొదలు దానిదే అన్నమాట.

ఈ వంపుకు ఇరుగుపొరుగు కూడా ఉన్నది. పక్కనే శ్వాసనాళం ఉంటుంది. దాని వెనక అన్నవాహిక, దాని వెనక వెన్నెముక ఉంటాయి. ఇవన్నీ ఇరుకింట్లో ఉమ్మడి కాపురం లాగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఈ ఇరుకు సంగతి బాగా గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉన్నది.

పుస్తకంలో బొమ్మ, మనిషిలో దారి

వైద్యవిద్యార్థులు చదివే పుస్తకాలలో పైన చెప్పిన మూడు కొమ్మల బొమ్మే ఉంటుంది. కాని నిజంగా మనుషులను పరీక్షించి చూస్తే, నూటికి 70 నుంచి 80 మందిలోనే దారి ఆ బొమ్మలో ఉన్నట్టు కనిపిస్తుంది. మిగిలినవారిలో ఏదో ఒక తేడా ఉంటుంది.

తేడాలలోకెల్లా ఎక్కువగా కనిపించేది ఏమంటే, మొదటి రెండు కొమ్మలూ ఒకే మొదలు నుంచి రావటం. అప్పుడు వంపు మీద మూడు కొమ్మలకు బదులు రెండే ఉంటాయి. నూటికి 10 నుంచి 20 మంది దాకా ఇలాటివారు ఉంటారు. దీనికి డాక్టర్లు "ఆవు వంపు" అని పేరు పెట్టారు. కాని ఆ పేరు తప్పు! ఆవు గుండెను పరిశీలిస్తే వంపు మీద రెండు కొమ్మలు కూడా ఉండవు. ఒకే ఒక లావు కొమ్మ బయలుదేరి, తరవాత అదే నాలుగు వైపులకూ చీలుతుంది. పెట్టిన పేరు తప్పని తెలిసినా, వాడుకలో పడింది కనక ఇంకా అలాగే చెల్లుతున్నది.

నూటికి అయిదారుగురిలో వంపు మీద నాలుగు కొమ్మలుంటాయి. మెడ ఎముకల గుండా మెదడు వెనక భాగానికి పోయే ఎడమ ధమని ఒకటి ఉన్నది. అది మామూలుగా ఎడమ చేతి ధమని నుంచి చీలుతుంది. వీరిలో మాత్రం అది నేరుగా వంపు నుంచే పుడుతుంది.

నూటికి ఒకరిలో కనిపించే తేడా ఇంకా విచిత్రమైనది. వారిలో కుడి చేతి ధమని తన చోట పుట్టదు. అన్ని కొమ్మలూ అయిపోయిన తరవాత, ఎడమ చివర, ఆఖరి కొమ్మగా పుడుతుంది. పోవలసిందేమో కుడి చేతికి! అందుచేత అది ఎదను అడ్డంగా దాటి ఎడమ నుంచి కుడికి రావాలి. చాలామందిలో అది అన్నవాహిక వెనక నుంచి దూరి వస్తుంది.

ఇక వెయ్యి మందిలో సుమారు ఒకరికి వంపు మొత్తం ఎడమకు బదులు కుడి వైపుకు తిరిగి ఉంటుంది.

ఈ తేడాలున్నవారిలో చాలామందికి ఏ బాధా ఉండదు. ఆడతారు, పాడతారు, ముసలివాళ్లవుతారు. తమ ఎదలో దారి వేరుగా ఉన్నదని వారికే తెలియదు. మీ ఎదలో వంపు ఏ తీరున ఉన్నదో మీకూ తెలియదు, నా ఎదలో ఎలా ఉన్నదో నాకూ తెలియదు.

పెసరగింజంత ఉన్నప్పుడు

ఈ తేడాలు ఎలా వస్తాయి? దీనికి జవాబు కావాలంటే మనం పుట్టకముందు సంగతి చెప్పుకోవాలి.

తల్లి కడుపులో నాలుగు వారాల పిండం పెసరగింజంత ఉంటుంది. అప్పుడు దాని గుండె ఒక చిన్న గొట్టం. ఆ గొట్టం నుంచి మెడకు రెండు పక్కలా రక్తనాళాలు జతజతలుగా, వంపులు వంపులుగా పుడతాయి. కుడి వైపున ఒకటి పుడితే ఎడమ వైపున ఒకటి పుడుతుంది. చేపలలో కూడా ఇలాటి వంపులే ఉంటాయి. అవి మొప్పలలోకి పోయి నీటిలోని ప్రాణవాయువును తీసుకుంటాయి. మనకు మొప్పలు లేవు. అందుచేత మనలో కొన్ని వంపులు మాయమవుతాయి; కొన్ని మిగిలి వేరే పనికి వస్తాయి.

వీటిలో నాలుగవ జత మనకు ముఖ్యం. ఆ జతలో ఎడమది పెరిగి బృహద్ధమని వంపు అవుతుంది. కుడిది చిన్నగానే ఉండిపోయి కుడి చేతి ధమనికి మొదలు అవుతుంది. పక్షులలో ఇది తలకిందులు. కాకికీ, కోడికీ, పిచ్చుకకూ కుడిది నిలిచి ఎడమది పోతుంది. తొండలోనూ, కప్పలోనూ రెండూ నిలుస్తాయి!

మనిషిలో ఏది నిలవాలి, ఏది పోవాలి అన్నది ఎనిమిదో వారానికల్లా దాదాపు తేలిపోతుంది. ఆ కొద్ది రోజులలోనే ఎప్పుడైనా చిన్న పొరపాటు జరగవచ్చు. నిలవవలసింది పోవచ్చు, పోవలసింది నిలవవచ్చు.

కుడి చేతికి మొదలు కావలసిన చిన్న వంపు మాయమైందనుకోండి. చెయ్యి ఎండిపోతుందా? ఎండిపోదు. ఒక రైతు పొలానికి నీరు వచ్చే తూము పూడిపోయిందనుకోండి. అతను ఊరుకుంటాడా? కాలువకు కింది భాగాన ఇంకో తూము చూసుకుని బోదె తవ్వుకుంటాడు. ఆ బోదె ఎవరి పెరటి వెనక నుంచో చుట్టు తిరిగి రావలసి ఉంటుంది. కుడి చేతి ధమని చేసే పని కూడా ఇదే. అది చుట్టు తిరిగి వచ్చే పెరడు అన్నవాహికది.

మింగలేకపోయిన స్త్రీ

ఇప్పుడు ఇంగ్లండు సంగతికి వద్దాం. 18వ శతాబ్దంలో అక్కడ డేవిడ్ బేఫర్డ్ అనే వైద్యుడు ఉండేవాడు. ఒక స్త్రీకి అన్నం మింగుడుపడటం ఎంతో కాలం నుంచి కష్టంగా ఉన్నది. రానురాను ఆ కష్టం పెరిగింది. ముద్ద లోపలికి దిగదు. ఎన్ని మందులిచ్చినా గుణం కనిపించలేదు. ఎక్సురేలు లేని రోజులవి. ఎద లోపల ఏమున్నదో చూసే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. చివరకు ఆమె ఆహారం లేక కృశించి, 62 ఏళ్ల వయసులో చనిపోయింది.

ఆమె చనిపోయాక శరీరాన్ని పరీక్ష చేశారు. అన్నవాహికలో పుండు లేదు, గడ్డ లేదు. అన్నవాహిక బాగానే ఉన్నది. కాని కుడి చేతికి పోయే ధమని ఉండవలసిన చోట లేదు! అది ఎడమ పక్క నుంచి పుట్టి, అన్నవాహికను ఒత్తుకుంటూ కుడికి దాటింది. అంతకాలమూ ఆమెను బాధపెట్టింది ఆ ధమనే.

బేఫర్డ్ ఈ సంగతి వివరంగా రాశాడు. అతని రచన 1794 నాటి లండన్ వైద్యసంఘం సంపుటంలో ఉన్నది. ఈ జబ్బుకు అతను పెట్టిన పేరు "డిస్ఫేజియా లుసోరియా". మొదటి మాటకు మింగుడుపడకపోవటం అని అర్థం. రెండవ మాట, ఆట అనే అర్థం గల లాటిను మాట నుంచి వచ్చింది. ఇది ప్రకృతి ఆడిన ఆట అని అతని భావం. పాపం, ఆ ఆట ఆమెకు ప్రాణాంతకమైంది.

"మరి చిన్నతనంలోనే ఆ ధమని ఉన్నది గదా! జబ్బు అంతగా ముదరటానికి అంత కాలం ఎందుకు పట్టింది?" అని మీకు సందేహం రావచ్చు. మంచి సందేహమే. పడుచుతనంలో ధమనులు మెత్తగా సాగుతూ ఉంటాయి. అన్నవాహిక ముద్దకు తగినట్టు వెడల్పు అయితే, ధమని పక్కకు ఒదుగుతుంది. వయసు మళ్లినకొద్దీ ధమనులు బిరుసెక్కుతాయి, వెడల్పు కూడా అవుతాయి. అప్పుడు అవి ఒదగవు. అందుకే ఈ తేడా ఉన్నవారిలో బాధపడేవారు కొద్దిమందే. వారిలో కూడా చాలామందికి పెద్ద వయసులోనే బాధ బయటపడుతుంది.

బతికి ఉన్న మనిషిలో ఈ దారిని కనుక్కోవటానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1895లో రంట్‌జన్ ఎక్సురే కిరణాలను కనుగొన్నాడు. తరవాత డాక్టర్లు బేరియం అనే లోహపు లవణాన్ని నీటిలో కలిపి తాగించి, ఎక్సురేలో అన్నవాహికను చూడటం నేర్చుకున్నారు. 1936లో జర్మనీలో కొమ్మెరెల్ అనే డాక్టరు ఇలా చూస్తుండగా, ఒక రోగి అన్నవాహికను ధమని వెనక నుంచి నొక్కుతున్నట్టు కనిపించింది. బేఫర్డ్ చనిపోయిన మనిషిలో చూసినదాన్ని, ఇతను బతికి ఉన్న మనిషిలో గుర్తుపట్టాడు.

మెడ చుట్టూ ఉంగరం

ఇంకొక తేడా ఉన్నది. అది అరుదైనదే గాని, చంటిపిల్లలకు ప్రమాదం. తొండలో లాగా నాలుగవ జతలోని రెండు వంపులూ నిలిచిపోయాయనుకోండి. ఒకటి శ్వాసనాళానికి ముందు నుంచీ, ఇంకొకటి అన్నవాహిక వెనక నుంచీ పోయి కలుసుకుంటాయి. శ్వాసనాళమూ, అన్నవాహికా ఆ ఉంగరం మధ్య చిక్కుకుంటాయి. బిడ్డ పెరిగినకొద్దీ ఉంగరం బిగుస్తుంది. చంటిబిడ్డ శ్వాసనాళం చాలా మెత్తనిది కనక సులభంగా నొక్కుకుపోతుంది. ఊపిరి తీస్తే గురగురమని చప్పుడవుతుంది. పాలు తాగితే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. కొందరు బిడ్డలు ఎప్పుడూ తల వెనక్కు వాల్చి పడుకుంటారు. అలా పడుకుంటే ఊపిరి కాస్త బాగా ఆడుతుంది. ఆ ఉపాయం వారికి ఎవరూ చెప్పరు, వారే కనుక్కుంటారు!

అమెరికాలో బోస్టన్ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో రాబర్ట్ గ్రాస్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. 1945లో ఆయన ఇలాటి బిడ్డకు ఎద తెరిచి శస్త్రచికిత్స చేశాడు. రెండు వంపులలో ఏది సన్ననిదో చూసి, దానికి రెండు చోట్ల కట్టుకట్టి, మధ్య తెంచాడు. ఉంగరం విడిపోయింది. రక్తానికి రెండవ వంపు ఎలాగూ ఉన్నది. ఈ చికిత్సలో ఎంత జాగ్రత్త కావాలో చూడండి: ఏ వంపు నుంచి ఏ కొమ్మ పుట్టిందో ముందు తెలుసుకోకుండా తెంచితే, తలకో చేతికో రక్తం ఆగిపోవచ్చు. మరుసటి ఏడు, 1946లో, బేఫర్డ్ వర్ణించిన దారి తప్పిన ధమనికి కూడా గ్రాస్ శస్త్రచికిత్స చేశాడు.

చుట్టు తిరిగే నరం

ధమని దారి మారితే దాని పక్కనున్నవాటి దారి కూడా మారుతుంది. ఇందుకొక ఉదాహరణ చెబుతాను.

మనం మాట్లాడాలంటే మెడలో ఉన్న స్వరపేటికకు మెదడు నుంచి ఆజ్ఞ రావాలి. ఆ ఆజ్ఞ తెచ్చే నరం మెదడు నుంచి మెడలోకి దిగుతుంది. స్వరపేటిక అక్కడే ఉన్నది గదా! కాని నరం ఆగదు. ఎడమ వైపు నరం ఎదలోకి దిగి, బృహద్ధమని వంపు కింది నుంచి చుట్టు తిరిగి, మళ్లీ మెడకు ఎక్కి వస్తుంది. కుడి వైపు నరం కుడి చేతి ధమని కింది నుంచి చుట్టు తిరుగుతుంది. పిండం దశలో ఈ నరాలు ఆ వంపుల కిందే ఉండేవి. గుండె ఎదలోకి దిగినప్పుడు నరాలను కూడా తనతో కిందికి లాగింది. జిరాఫీలో కూడా ఇంతే. పాపం, దాని నరం అంత పొడుగు మెడా దిగి మళ్లీ ఎక్కాలి!

మరి కుడి చేతి ధమని తన చోట లేకపోతే? నరాన్ని కిందికి లాగేదేమీ ఉండదు. కుడి నరం మెడలోనే తిన్నగా స్వరపేటికకు పోతుంది. ఇందువల్ల మనిషికి ఏ లోటూ లేదు. మాట బాగానే వస్తుంది. కాని అతని మెడలో థైరాయిడ్ గ్రంథి వాచి, శస్త్రచికిత్స కావలసి వచ్చిందనుకోండి. శస్త్రవైద్యుడు నరం కింది నుంచి పైకి వస్తుందని వెతుకుతాడు. అదేమో పక్క నుంచి అడ్డంగా వస్తున్నది! ఇదేదో చిన్న రక్తనాళం అనుకుని తెంచాడా, ఆ మనిషి గొంతు బొంగురుపోతుంది. అందుకే తెలిసిన శస్త్రవైద్యులు "ఇది నరం కాదు" అని నిశ్చయించుకునేదాకా దేన్నీ తెంచరు.

ముంజేతి నుంచి గుండెకు

ఈ రోజులలో గుండె రక్తనాళాలను పరీక్ష చేయటానికి డాక్టర్లు తరచు కుడి ముంజేతి ధమనిలోకి సన్నని గొట్టం ఎక్కిస్తారు. అది చేతి ధమని వెంబడి బృహద్ధమనిలోకి పోయి గుండెను చేరుతుంది. దారి తప్పిన ధమని ఉన్నవారిలో ఈ గొట్టం గుండె వైపుకు తిరగక వెన్నెముక వెంబడి కిందికి జారుతుంది. సంగతి తెలిసిన డాక్టరు బలవంతం చేయడు. ఎడమ చేతి నుంచో, తొడ నుంచో ఇంకో దారి చూస్తాడు.

ఇప్పుడు సి.టి. స్కాన్ అనే యంత్రంతో ఎదలోని వంపునూ, దాని కొమ్మలనూ కోత లేకుండా చూడవచ్చు. తల్లి కడుపులో ఉన్న బిడ్డ వంపును కూడా అల్ట్రాసౌండ్ పరీక్షలో చూస్తున్నారు.

చేసి చూడండి

మీ స్నేహితుణ్ణి ఎదురుగా కూచోబెట్టుకుని, అతని రెండు ముంజేతుల నాడీ ఒకేసారి పట్టి చూడండి. బొటనవేలితో కాక, మిగతా వేళ్లతో చూడాలి. రెండు పక్కలా దెబ్బ ఒకేసారి, ఒకే బలంతో తగులుతుంది. ఇప్పుడతన్ని పడుకోబెట్టి, పాదం మీది నాడిని వెతకండి. అది దొరకటం కొంచెం కష్టం. దొరకకపోతే కంగారుపడకండి.

పుట్టిన బిడ్డను పరీక్షించేటప్పుడు పిల్లల డాక్టరు చేతుల నాడితోపాటు తొడల మొదట్లో నాడిని కూడా చూస్తాడు. కొందరు బిడ్డలలో, ఎడమ చేతి కొమ్మ పుట్టిన చోటికి కొంచెం అవతల బృహద్ధమని నొక్కినట్టు సన్నబడి ఉంటుంది. అప్పుడు చేతి నాడి గట్టిగా కొడుతుంది. తొడ నాడి బలహీనంగా ఉంటుంది. ఈ ఇరుకును శస్త్రచికిత్సతో సరిచేసిన మొదటి వైద్యుడు స్వీడన్ దేశపు క్రాఫర్డ్. అది 1944లో జరిగింది. జబ్బు కనుక్కోవటానికి ముందుగా కావలసింది యంత్రం కాదు. రెండు చోట్లా నాడి పట్టి చూసే ఓపిక.

పుస్తకంలో బొమ్మ ఎందుకు నేర్చుకోవాలో ఇప్పుడు మీకు తెలిసింది గదా? మామూలు దారి తెలియనివాడు తేడాను గుర్తుపట్టలేడు. కాని బొమ్మను మాత్రమే నమ్మినవాడు, ఎదుట ఉన్న మనిషిని సరిగా చూడడు. మీలో ఎవరైనా పెద్దయి డాక్టరు అయితే, మింగలేకపోయిన ఆ స్త్రీని ఒకసారి తలుచుకోండి.

వచ్చే నెల శ్వాసనాళం వెంబడి ఊపిరితిత్తులలోకి పోదాం. కుడి ఊపిరితిత్తి పెద్దదా, ఎడమది పెద్దదా? ఎందుకు? ఈ లోపల ఆలోచించి ఉంచండి.